చెన్నై ఎండలో, ఉప్పుగాలిలో పద్మిని, మారుతి 800

తిరువాన్మియూరులోని మా ఇంటి ముందు రెండు పాత కార్లున్నాయి. ఒకటి నాన్నగారు వాడి నాకు అప్పగించిన 1982 నాటి ప్రీమియర్ పద్మిని, రెండోది 1996లో నేను కొత్తగా కొన్న కార్బురేటరు మారుతి 800. తయారీ సంవత్సరాల మధ్య ఎడం 14 ఏళ్లే అయినా, పద్మిని పుట్టుక 1960ల నాటి ఫియట్ 1100 నుంచి కాబట్టి తేడా అంతకంటే చాలా పెద్దది. పద్మినిలో 1,089 సీసీ నాలుగు సిలిండర్ల ఇంజను వెనుక చక్రాలను తిప్పుతుంది. గేరు కాడ స్టీరింగు పక్కన ఉంటుంది. మారుతిలో 796 సీసీ మూడు సిలిండర్ల ఇంజను ముందు చక్రాలను తిప్పుతుంది.

చెన్నైలో ఏ పాత బండికైనా మొదటి పరీక్ష మే నెల. పద్మిని రేడియేటరు ఫ్యాను ఇంజనుతోపాటే బెల్టు మీద తిరుగుతుంది కనుక, కత్తిపారా కూడలి దగ్గర ట్రాఫిక్‌లో బండి కదలక ఇంజను నెమ్మదించినప్పుడు, అంటే గాలి ఎక్కువ కావలసిన సమయంలోనే, ఫ్యాను కూడా నెమ్మదిస్తుంది. వేడికి పైపులోని పెట్రోలు ఆవిరై, పంపు దాన్ని లాగలేక బండి ఆగిపోతుంది. అందుకే డిక్కీలో ఎప్పుడూ ఒక నీళ్ల సీసా, పాత తువ్వాలు ఉంచుతాను; తడిగుడ్డ పంపు మీద వేసి పది నిమిషాలు ఆగితే మళ్లీ స్టార్టవుతుంది. మారుతికి కరెంటు ఫ్యాను ఉంది. ఇంజను ఎంత నెమ్మదిగా తిరుగుతున్నా అది తన పని తాను చేస్తుంది. ఏసీ వేసి వంతెన ఎక్కేటప్పుడు మాత్రం ఏసీ ఆపక తప్పదు.

బ్రేకుల విషయంలో పోలికే లేదు. మా పద్మినికి నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే, కాలి ఒత్తిడికి బలం చేర్చే బూస్టరు లేదు. ముందున్న బస్సు ఆగుతుందని ముందే ఊహించి కాలు బలంగా వేయాలి. పైగా పుదుపేటలో ఒక దుకాణంలో కొన్న, బ్రేకు ఆయిలు బయటికి రాకుండా ఆపే వీల్ సిలిండరు రబ్బర్లు నెల తిరగకుండానే కారాయి. మారుతి ముందు చక్రాల డిస్కులు వర్షంలో కూడా నమ్మకంగా పట్టుకుంటాయి. పెట్రోలు ఖర్చులోనూ అదే మెరుగు: నా లెక్కలో పద్మిని లీటరుకు పదకొండు, మారుతి పదహారు కిలోమీటర్లు.

అయినా నెల్లూరు ప్రయాణమంటే అమ్మ పద్మినినే అడుగుతుంది. "ఆ చిన్న కారులో మోకాళ్లు ముడుచుకుని కూర్చోలేనురా" అంటుంది. పెద్ద చక్రాలూ బరువైన ఒళ్లూ ఉండటంతో, గంటకు డెబ్బై కిలోమీటర్ల వేగంలో అది గతుకులను మింగుతూ వెళ్తుంది.

నేను అనుకోనిది తుప్పు సంగతి. సముద్రం గాలికి వయసులో పెద్దదే ముందు పాడవుతుందని భావించాను. తీరా చూస్తే, నీళ్లు కారే రబ్బరు బీడింగులను నేనే చాలాకాలం పట్టించుకోకపోవడంతో మారుతి ఫ్లోరు రేకు చిల్లులు పడింది. పద్మిని రేకు మందం. టింకరింగు మేస్త్రి కోసి అతికించడానికి తగిన బలం ఇంకా అందులో ఉంది. ఇథనాల్ కలిసిన పెట్రోలు వచ్చాక రబ్బరు పైపులు మాత్రం రెండింటికీ మార్పించాను.

రోజువారీ వాడకానికి ఎవరైనా అడిగితే ఇప్పటికీ మారుతినే సూచిస్తాను. కానీ దాని రేకుల పని పూర్తయితేగాని రిజిస్ట్రేషను పునరుద్ధరణకు తీసుకెళ్లలేను. అందాకా కూరగాయలకు కూడా పద్మినిలోనే వెళ్తున్నాను, అదీ పొద్దున ఏడు లోపే.