ఒక్కరే ఉండే ఇంటికి అంకెల తాళం: ఏడాది వాడిన తర్వాత

ఒక్కడినే ఉంటున్న ఇంట్లో నాకు అన్నిటికంటే నచ్చే సంగతి, ఎంత పొద్దుపోయి వచ్చినా ఎవరినీ నిద్ర లేపనక్కర్లేకపోవడం. తలుపు తీయడానికి లోపల ఎవరూ లేకపోతే ఎలా ఉంటుందో మాత్రం, చెత్తబుట్ట బయట పెట్టడానికి గడప దాటిన ఒక సాయంత్రం తెలిసింది. గాలికి తలుపు మూసుకుంది, స్ప్రింగు లాకు దానంతటదే పడింది, తాళంచెవీ ఫోనూ రెండూ లోపలే ఉండిపోయాయి. నలుగురున్న ఇంట్లో బెల్లు నొక్కితే తీరిపోయే విషయానికి నేను చెప్పులైనా లేకుండా మూడు గంటలు మెట్ల మీద కూర్చోవలసి వచ్చింది. ఆ వారంలోనే ఈ అంకెల తాళం కొన్నాను. నేను చెప్పబోయే మంచిచెడ్డలు ఈ రకం తాళాలు చాలావాటికి వర్తిస్తాయి కాబట్టి కంపెనీ పేరు రాయడం లేదు.

తలుపు బయటివైపు అంకెల పలక, దాని పక్కన వేలిముద్ర పెట్టే చోటు, లోపలివైపు మోటారు, 4 ఆల్కలైన్ బ్యాటరీలు ఉంటాయి. వడ్రంగి బిగించడానికి పెద్దగా కష్టపడలేదు గానీ, ద్వారబంధంలో గడియ దూరే రంధ్రం వెంట్రుకవాసి పక్కకు పడింది. అందువల్ల వానలకు చెక్క ఉబ్బినప్పుడల్లా మోటారు మూలిగేది. కొనేవారు తాళం కంటే ముందు తమ తలుపు తిన్నగా మూసుకుంటున్నదో లేదో చూసుకోవడం మంచిది.

4 అంకెల కోడ్ పెట్టుకుంటే 10,000 రకాలే సాధ్యం, 6 అంకెలైతే 10 లక్షలు. నేను 6 పెట్టుకున్నాను. ఎవరైనా వెనక నిలబడి చూస్తున్నారనిపిస్తే అసలు కోడ్‌కు ముందూ వెనకా ఇష్టమొచ్చిన అంకెలు కలిపి నొక్కవచ్చు. మధ్యలో సరైన వరుస ఉంటే చాలు, తాళం తెరుచుకుంటుంది. వేలిముద్ర సంగతి అంత బాగా లేదు. గిన్నెలు కడుక్కుని నానిన వేలితో బయటికి వెళ్ళి వస్తే తాళం నన్ను గుర్తుపట్టదు. గిన్నెలు కడిగేదీ నేనే, తలుపు తీసుకోవలసిందీ నేనే కావడం వల్ల ఈ లోపం నాకు తరచుగా ఎదురవుతుంది.

తలుపు ఎవరు ఎప్పుడు తీశారో ఫోన్‌లో నమోదవుతుంది. పిల్లలు బడి నుంచి వచ్చారా లేదా అని చూసుకునే తల్లిదండ్రుల కోసం పెట్టిన ఏర్పాటు ఇది. నా జాబితాలో రాత్రి 1:10, ఉదయం 8:40, రాత్రి 11:55 అంటూ పేజీల తరబడి ఒకే పేరు. మొదటిసారి చూసినప్పుడు నవ్వు వచ్చింది, ఎవరికీ సంజాయిషీ చెప్పనక్కర్లేని రాకపోకలు కదా అని. పండుగ సెలవుల తర్వాత మళ్ళీ చూస్తే మూడు రోజులపాటు ఒక్క నమోదూ లేదు. ఆ మూడు రోజులూ నేను ఇంట్లోనే ఉన్నాను. ఆ పేజీ తెరవడం తర్వాత తగ్గించాను.

ఈ తాళం అసలు విలువ, దాని అసలు పరిమితి కూడా, ఏడో నెలలో నాకు తీవ్రంగా జ్వరం వచ్చినప్పుడు తెలిశాయి. ఫోన్‌లోనే ఒక తాత్కాలిక కోడ్ తయారుచేసి, అది ఎన్ని గంటలు పనిచేయాలో నిర్ణయించి, పక్కింటి పెద్దావిడకు పంపి కళ్ళు మూసుకున్నాను. కాసేపటికి అంకెలు నొక్కిన చప్పుడు, మోటారు తిరిగిన చప్పుడు, ఆ వెంటనే తలుపు ఒకసారి కదిలి ఆగిపోయిన చప్పుడు వినిపించాయి. "నంబర్లు నొక్కాను బాబూ, గర్రుమంది గానీ తలుపు రావడం లేదు" అన్నారావిడ. ముందు రాత్రి అలవాటు కొద్దీ లోపలి గొళ్ళెం కూడా పెట్టుకున్నాను. గోడ పట్టుకుని తలుపు దాకా వెళ్ళేసరికి కళ్ళు తిరిగి నేల మీద కూలబడ్డాను. అక్కడి నుంచి గొళ్ళెం అందలేదు. ఆవిడ అవతలి నుంచి ధైర్యం చెబుతుంటే, కాస్త తేరుకుని లేచి తీయగలిగాను.

కోలుకున్నాక గొళ్ళెం పీకించేశాను. ఈ తాళానికి లోపలివైపు ఒక మీట ఉంది, అది తిప్పితే బయటి కోడ్‌లు ఏవీ పనిచేయవు. దాన్నీ ముట్టుకోవడం మానేశాను. గొళ్ళెం లేని తలుపు వెనక మొదటి పది రాత్రులు సరిగా నిద్ర పట్టని మాట నిజం. దొంగ వస్తాడేమో అన్న భయం ఒకవైపు, సాయం రాలేకపోతుందేమో అన్న భయం ఒకవైపు ఉన్నప్పుడు, ఒంటరిగా ఉండేవారు రెండోదాన్నే ఎక్కువ లెక్కలోకి తీసుకోవాలని నా అభిప్రాయం. అందరూ ఒప్పుకోకపోవచ్చు.

బ్యాటరీల విషయంలో ఒక హెచ్చరిక. డబ్బు మిగులుతుందని నేను రీచార్జ్ చేసుకునే నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్లులు వేశాను. ఆల్కలైన్ సెల్లు 1.5 వోల్టుల నుంచి మెల్లగా దిగుతూ వస్తుంది కాబట్టి తాళం ముందే పసిగట్టి బీప్ కొడుతుంది. నేను వేసిన ఈ రీచార్జ్ సెల్లులు దాదాపు 1.2 వోల్టుల దగ్గరే నిలకడగా ఉండి చివర్లో ఒక్కసారిగా పడిపోతాయి. హెచ్చరిక వచ్చిన మర్నాడే తాళం చచ్చిపోయింది. పలక కింద రెండు చిన్న మొనలున్నాయి, వాటికి 9 వోల్టుల బ్యాటరీ ఆనించి కోడ్ నొక్కితే తలుపు తెరుచుకుంటుంది. అది తెలియక కస్టమర్ కేర్‌కు ఫోన్ చేశాను. "ఇంట్లో ఇంకెవరైనా ఉంటే లోపలి నుంచి తీయించండి సార్" అన్నాడు అటువైపు అబ్బాయి. ఎవరూ లేరని చెబితే, ఒక్క క్షణం ఆగి ముందున్న కాగితంలోంచి అదే వాక్యం మళ్ళీ చదివాడు. ఇలాంటి తాళం ఎక్కువ అవసరమయ్యేదే ఒంటరివాళ్ళకు. వాళ్ళ కోసం ఆ కాగితంలో ఒక్క వాక్యమైనా రాసి ఉండవలసింది.

మొత్తం మీద అయిదుకు నాలుగు ఇస్తాను. తగ్గించిన ఆ ఒక్కటీ వేలిముద్రకూ కస్టమర్ కేర్‌కూ చెరి సగం. కొనేవారికి ఇంకొక్క మాట: పెట్టెలో మామూలు తాళంచెవులు రెండు వస్తాయి. నేను వాటిని భద్రంగా బీరువాలో పెట్టుకున్నాను. తాళం మొరాయిస్తే ఆ బీరువా ఉండేది మూసిన తలుపుకు అవతలే అని నాకు తట్టడానికి నాలుగు నెలలు పట్టింది. ఇప్పుడు అందులో ఒకటి పక్కింటి పెద్దావిడ దగ్గర ఉంది.