హార్స్‌లీ దొర కచేరీలో వసతి, తిరుచానూరు వసతిలో కచేరీ

తిరుపతి జిల్లా 2022 ఏప్రిల్‌లో ఏర్పడింది. తిరుచానూరులో యాత్రికుల కోసం టీటీడీ కట్టించిన పద్మావతి నిలయమే కొత్త కలెక్టరేట్ అయింది. భక్తులు దిగాల్సిన గదుల్లోకి ఫైళ్లు దిగాయి. దీనికి ఎదురు కథ చూడాలంటే మదనపల్లె దాటి హార్స్‌లీ కొండ ఎక్కాలి.

సింగపూర్‌లో ఉద్యోగం చేసే మా బావమరిది కుటుంబంతో శ్రీవారి దర్శనానికి వచ్చాడు. తిరుమల దిగాక అందరం కారులో అటు బయలుదేరాం. చంద్రగిరి, భాకరాపేట, పీలేరు, వాల్మీకిపురం మీదుగా మదనపల్లెకు రోడ్డు బాగుంది. భాకరాపేట ఘాటు మలుపులు మాత్రం పిల్లల కడుపులో తిప్పుతాయి, టిఫిను ఆ తరువాత పెట్టించడం మేలు. మదనపల్లె నుంచి కొండకు మరో 30 కిలోమీటర్లు. సొంత వాహనం లేనివారు మదనపల్లెలో ఆర్టీసీ బస్సు వేళలు ముందే కనుక్కోవాలి.

ఏనుగు మల్లమ్మ కొండ అని పిలిచే ఈ చోట, కడప కలెక్టరుగా పనిచేసిన డబ్ల్యూ.డి. హార్స్‌లీ పందొమ్మిదో శతాబ్దంలో వేసవి విడిది కట్టుకున్నాడు. మదనపల్లె ప్రాంతం అప్పట్లో కడప జిల్లాలోనిదే. ఎండాకాలం దొరతో పాటు పాలన కూడా కొండెక్కేది కాబట్టి పక్కనే కచేరీ, అంటే ఆయన ఆఫీసు కూడా వెలిసింది. ఆ విడిదే ఇప్పటి ఫారెస్టు బంగళా. అందులో ఒక గదికి ఇప్పటికీ ఆయన పేరే.

మాకు ఒక రాత్రి ఇప్పుడు వసతిగా మారిన ఆ పాత కచేరీ కట్టడంలో, మరో రాత్రి కొండ మీదే ఒక ప్రైవేటు లాడ్జిలో గదులు దొరికాయి. కొత్త లాడ్జిలో టీవీ, మెరిసే పలకలు, గోడకు జలపాతం బొమ్మ, అన్నీ ఉన్నాయి. వేడినీళ్లు మాత్రం చెప్పిన వేళకు రాలేదు. కిటికీ తెరిస్తే పక్క గది కిటికీ. పాత గదిలో హంగులు తక్కువే అయినా మందపాటి గోడలు, ఎత్తైన పైకప్పు ఉన్నాయి. పగటి ఎండ లోపలికి తెలియలేదు. రెండింటిలో ఒకటే ఎంచుకోమంటే నేను పాతదే అంటాను, మా ఆవిడ స్నానాల గది చూసి చెబుతానంటుంది. ఆమె మాటలో న్యాయముంది. పాత ఆఫీసును వసతిగా మార్చేటప్పుడు అసలు చిక్కు అక్కడే. రోజంతా పదిమంది కూర్చుని పనిచేసే గదికి నీటి గొట్టం అక్కర్లేదు, పడుకునే ప్రతి గదికీ కావాలి. సున్నపు గారతో కట్టిన గోడను తొలిచి గొట్టాలు దించి, పైన సిమెంటు పూస్తే, లోపలి తేమ బయటికి పోయే దారి మూసుకుపోతుంది. కొన్నేళ్లకు పెచ్చులు ఊడతాయి. గొట్టాలు బయటికి కనిపించినా సరే, గోడ జోలికి పోకపోతేనే నయం.

సాయంత్రం వరండాలో బావమరిది ఫుల్లర్టన్ హోటల్ సంగతి ఎత్తాడు. 1928లో కట్టిన ఆ భవనంలో సింగపూర్ పెద్ద తపాలా కార్యాలయం ఉండేదట. 2001లో నాలుగు వందల గదుల హోటల్‌గా తెరిచారు. 2015లో జాతీయ స్మారకంగా ప్రకటించారు. ఓడలకు దారి చూపిన మిద్దె మీది దీపస్తంభం చోట ఇప్పుడు భోజనశాల ఉంది.

“మన చంద్రగిరి రాజమహల్‌ను కూడా అలా చేయొచ్చు కదా బావా?” అన్నాడు.

“రేపు దారిలోనే కదా, చూసి నువ్వే చెప్పు” అన్నాను.

మూడు అంతస్తుల రాజమహల్ విజయనగర రాజుల నాటిది. కలప వాడకుండా రాయి, ఇటుక, సున్నంతోనే కట్టారు. పురావస్తు శాఖ రక్షణలో మ్యూజియంగా ఉంది. టికెట్టు కొన్న ఎవరైనా దర్బారు దాకా వెళ్లవచ్చు. హోటలైతే కాపలాదారు గేటు దగ్గరే ఆపుతాడు. దొర కచేరీ చిన్నది, కొండ మీద విడిది కోసమే పుట్టింది, దానికి వసతి నప్పింది. రాజమహల్‌కు ఆ అవసరం లేదు. బావమరిది లోపలంతా తిరిగి వచ్చి, “ఇక్కడ ఏసీ యంత్రాలు ఎక్కడ బిగిస్తారులే” అని తనే కొట్టిపారేశాడు.

కొండకు వెళ్లాలనుకునేవారు శని, ఆదివారాలు వదిలేయండి. బెంగళూరు కార్లతో కొండ నిండిపోతుంది. ఏప్రిల్‌లోనైనా పల్చటి దుప్పటి వెంట ఉంచుకోండి, తినుబండారాల సంచి మాత్రం కోతుల కంట పడనివ్వకండి.