జీపీఏకి స్టెరాయిడ్లు, రిటుక్సిమాబ్: ఏడేళ్ళు వాడాక

నాకున్న జబ్బు పేరు గ్రాన్యులోమటోసిస్ విత్ పాలీయాంజైటిస్. క్లుప్తంగా జీపీఏ అంటారు, పాత పుస్తకాల్లో వెగెనర్స్ అని ఉంటుంది. మనల్ని కాపాడాల్సిన రోగనిరోధక శక్తే చిన్న రక్తనాళాల మీద పడి వాపు తెస్తుంది. ముక్కు, చెవులు, ఊపిరితిత్తులు, కిడ్నీలు ఎక్కువగా దెబ్బతింటాయి. ఇది 2018 జనవరిలో బయటపడింది. అప్పటికి నాకు 41 ఏళ్ళు, తణుకు దగ్గర ఒక హైస్కూల్లో లెక్కలు చెప్తున్నాను. అప్పట్నించి ఏడేళ్ళు వాడిన మందులు నాకు ఏమిచ్చాయో, ఏం తీసుకున్నాయో రాస్తున్నాను. డోసులు మాత్రం ఎవరికి వాళ్ళ డాక్టరే చెప్పాలి.

జబ్బు దొరకడానికే ఐదు నెలలు పట్టింది. ముక్కులో పక్కులు కట్టి రక్తం వచ్చేది, చెవులు దిబ్బడ వేసేవి, సాయంత్రమైతే జ్వరం. ఎక్స్‌రేలో ఊపిరితిత్తుల్లో గడ్డలు కనిపించాయి. కళ్ళెలో క్షయ క్రిములు లేకపోయినా టీబీ మందులు మొదలుపెట్టారు. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ (1 దగ్గర ఉండాల్సింది) 2.4కి వెళ్ళాక ఇంకో ఊళ్ళో రుమటాలజిస్టు గారు ఆంకా అనే రక్తపరీక్ష రాశారు. అది పాజిటివ్ వచ్చింది, కిడ్నీ బయాప్సీలో ఖాయమైంది. టీబీ మందులకి తగ్గని దగ్గు, దాంతోపాటు ముక్కు రక్తం, చెవి సమస్య, మూత్రంలో నురగ ఉంటే ఆ పరీక్ష గురించి అడగండి. నా కిడ్నీల్లో పోయిన భాగం ఆ ఐదు నెలల్లోనే పోయింది.

ముందు స్టెరాయిడ్ సంగతి. మూడు రోజులు సెలైన్‌లో ఎక్కించి, తర్వాత రోజుకి 60 మిల్లీగ్రాముల ప్రెడ్నిసలోన్ మాత్రలు ఇచ్చారు. వారంలో జ్వరం, దగ్గు పోయాయి. నన్ను బతికించింది అదే, అందులో నాకు అనుమానం లేదు. కానీ రాత్రి రెండింటికి మెలకువ వచ్చి గుండె దడదడలాడేది. తిన్న గంటకే మళ్ళీ ఆకలి. షుగర్ వచ్చింది. ముఖం గుండ్రంగా ఉబ్బిపోయింది. పెళ్ళిళ్ళలో కనిపించిన వాళ్ళు "ఒళ్ళు చేశావే, సుఖంగా ఉన్నట్టున్నావు" అనేవాళ్ళు. వాళ్ళు ప్రేమగానే అన్నారు, నేను మాత్రం ఇంటికొచ్చి ఏడ్చేదాన్ని. డోసు 10కి దిగాక ముఖం మళ్ళీ నాదైంది. పలచబడ్డ ఎముకలు మాత్రం మళ్ళీ గట్టిపడలేదు. 2020లో వచ్చిన పెక్సివాస్ పరిశోధనలో స్టెరాయిడ్‌ను త్వరగా తగ్గించినా ఫలితం అంతే బాగుందని, తీవ్రమైన ఇన్ఫెక్షన్లు తక్కువని తేలింది. నా తర్వాత వచ్చేవాళ్ళకి ఆ బాధ కొంత తప్పుతున్నందుకు నిజంగా సంతోషం.

రిటుక్సిమాబ్ నా లెక్కలో మంచి మందు. మొదటిసారి ఎక్కించేటప్పుడు గొంతులో దురద, వణుకు వచ్చాయి. నర్సమ్మ డ్రిప్ స్పీడు తగ్గించాక సర్దుకుంది. ఆ తర్వాత ఎప్పుడూ రాలేదు. ఉదయం వెళ్తే సాయంత్రానికి ఇల్లు. మొదట రెండు డోసులు, ఆపైన ఆరు నెలలకోసారి 500 మిల్లీగ్రాములు. తొలి డోసులకి నా గాజులు బ్యాంకులో పెట్టాం. మన హైదరాబాద్ కంపెనీ డాక్టర్ రెడ్డీస్ 2007లోనే ఈ మందుకి బయోసిమిలర్, అంటే అసలు మందుతో సమానంగా పనిచేసే చవక రకం, తెచ్చింది. అలాంటివి లేకపోతే ఇది మాలాంటి ఇళ్ళకి అందేదే కాదు. అసలు మందులే లేని రోజుల్లో ఈ జబ్బొచ్చిన వాళ్ళు చాలామంది ఏడాది లోపే పోయేవాళ్ళు. 1970లలో అమెరికాలో ఆంథనీ ఫౌచీ, ఆయన సహచరులు సైక్లోఫాస్ఫమైడ్ అనే క్యాన్సర్ మందుతో ఆ పరిస్థితి మార్చారు. కరోనా రోజుల్లో టీవీలో కనిపించిన ఫౌచీ గారే. ఆయన్ని చూసినప్పుడల్లా నాకు చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపించేది.

ఆ కరోనాలోనే నా డోసు నాలుగు నెలలు వాయిదా పడింది. కన్ను ఎర్రబడి గుచ్చినట్టు నొప్పి, మళ్ళీ ముక్కు రక్తం. మళ్ళీ స్టెరాయిడ్ మొదటికొచ్చింది. ఇంకో సంగతి: ఈ మందు యాంటీబాడీలు తయారుచేసే కణాలనే తగ్గిస్తుంది కాబట్టి టీకాలు సరిగా పట్టవు. ఫ్లూ, న్యుమోనియా టీకాలు డోసుకి ముందే, డాక్టర్‌తో మాట్లాడి వేయించుకోవాలి. రక్తంలో యాంటీబాడీలు ఎన్ని మిగిలాయో చూడటానికి ఏడాదికోసారి ఐజీజీ పరీక్ష కూడా చేయిస్తున్నారు.

అసలు చెప్పాలనుకున్నది అలసట గురించి. కరోనాలో తిరగబెట్టిన ఆ కొన్నాళ్ళు తప్పిస్తే 2019 నుంచి నా రిపోర్టులు బాగున్నాయి. క్రియాటినిన్ 1.4 దగ్గర నిలబడింది, ఊపిరితిత్తులు శుభ్రం. "రెమిషన్‌లో ఉన్నారమ్మా" అన్నారు డాక్టర్ గారు, అంటే జబ్బు అణిగి ఉందని. ఇంట్లో అందరూ పండగ చేసుకున్నారు. నేను మాత్రం మధ్యాహ్నం రెండయ్యేసరికి సుద్దముక్క పట్టుకున్న చెయ్యి ఎత్తలేకపోయేదాన్ని. ఇది పని చేస్తే వచ్చి నిద్రపోతే పోయే అలసట కాదు. ఎనిమిది గంటలు పడుకుని లేచినా ఉంటుంది. రెండేళ్ళు ఎవరికీ చెప్పలేదు. బతికించారు కదా, ఇంకేం అడుగుతాం అనుకున్నాను. అత్తయ్య "రిపోర్టు బాగుందన్నారుగా" అంటే నా దగ్గర జవాబు లేదు.

ఒకసారి చెకప్‌లో డాక్టర్ గారు కాగితం తీసి ప్రశ్నలు అడగడం మొదలుపెట్టారు. ఏఏవీ-ప్రో అంట, మొత్తం 29 ప్రశ్నలు. రోగులతోనే మాట్లాడి తయారుచేశారట. నీరసం, మందుల ఇబ్బందులు, నలుగురిలోకి వెళ్ళడం, రేపటి గురించి భయం, అన్నీ ఉన్నాయి. ఆమె చదువుతూ తెలుగులో చెప్తుంటే నాకు కన్నీళ్ళాగలేదు. నా ఒక్కదానిదే అనుకున్నది అచ్చులో ఉంది. ఆ రోజు థైరాయిడ్, హిమోగ్లోబిన్, నిద్ర అన్నీ చూశారు. రక్తం తక్కువుందని తేలి దానికి మందిచ్చారు, కొంత తేలికపడింది. రోజూ అరగంట నడవమన్నారు, అది నెమ్మదిగా పనిచేసింది. మిగతా అలసట ఇప్పటికీ ఉంది.

ముక్కుకి రోజూ రెండుసార్లు కాచి చల్లార్చిన ఉప్పునీళ్ళతో జలనేతి చేస్తాను. పక్కులకి అంతకన్నా మంచిది దొరకలేదు. ఇంగువ పోపు వాసన మాత్రం తెలియట్లేదు. ఎడమ చెవికి మిషన్ పెట్టుకున్నాను, వెనక బెంచీ పిల్లల మాటలు మళ్ళీ వినిపిస్తున్నాయి.

మా హెచ్చెమ్ గారికి అన్నీ విడమరిచి చెప్పాక నా పీరియడ్లు ఉదయానికి మార్చారు. భోజనం తర్వాత అరగంట స్టాఫ్ రూమ్ బెంచీ మీద పడుకుంటాను. అది తెలిసిన పిల్లలు నోటు పుస్తకాలు గుమ్మం దగ్గరే పెట్టి, తలుపు చప్పుడవకుండా దగ్గరికి వేసి వెళ్తారు.