మ్యూనిక్‌లో ‘శాకాహారమే’ అన్న మాటను నమ్మకండి: మా అమ్మకు జరిగినది మీ వాళ్లకు జరగకూడదు

అమ్మానాన్నలను మ్యూనిక్‌కు పిలిపించుకోబోతున్న వారి కోసం ఇది రాస్తున్నాను. ముఖ్యంగా ఇంట్లో గుడ్డు కూడా ముట్టని పెద్దవాళ్లు ఉంటే, నగరం నడిబొడ్డున ఏ హోటల్లోనైనా కూర్చోవడానికి ముందు దయచేసి చివరిదాకా చదవండి.

పోయిన నెల అమ్మానాన్నలు రాజమండ్రి నుంచి వచ్చారు. వచ్చిన మూడో రోజున వాళ్లను నగరం మధ్యలోని కూడలి మారియెన్‌ప్లాట్జ్‌కు తీసుకెళ్లాం. పన్నెండు గంటలకు పురభవనం గోపురంలో గంటలు మోగుతూ బొమ్మలు ఆడుతుంటే అమ్మ చిన్నపిల్లలా చూసింది. అది అయ్యేసరికి అందరికీ ఆకలి. నాన్నగారికి మోకాళ్ల నొప్పి, ఎక్కువ దూరం నడవలేరు. రెండు వీధుల అవతల బొమ్మలతో, ఆరేడు భాషల్లో అచ్చు వేసిన మెనూ పెట్టిన హోటల్ కనిపించింది. గుమ్మం దగ్గరే ఒకతను నవ్వుతూ పిలిచాడు. లోపలికి వెళ్లాం. హోటల్ పేరు ఇక్కడ రాయడం లేదు. ఇలాంటివి అక్కడ ఒకటి కాదు, అందువల్ల ఒక పేరు తెలుసుకుని తప్పించుకున్నంత మాత్రాన ప్రయోజనం లేదు.

అమ్మ మాంసం, చేప, గుడ్డు తినదని వెయిటర్‌కు నేను స్పష్టంగా చెప్పాను. అతను తల ఊపి, వేయించిన బంగాళాదుంపలు, బంగాళాదుంప సలాడ్ తీసుకోమన్నాడు. ‘రెండూ శాకాహారమే’ అన్నాడు. నాన్నగారికి కోడి, నాకూ నా భార్యకూ కేజ్‌ష్పెట్స్‌లె, అంటే జున్ను కలిపిన పిండి వంటకం, చెప్పాం. పళ్లెం వచ్చింది. అమ్మ రెండు ముద్దలు తిన్నాక ఆగి, చెంచాతో ఒక చిన్న గులాబీ రంగు ముక్కను పక్కకు తీసి, ‘ఇది ఏమిటి నాన్నా, ఉల్లిపాయలా లేదే’ అని అడిగింది. చూడగానే నాకు నోట మాట రాలేదు. అది పంది మాంసం. పొగపట్టిన పంది కొవ్వు ముక్కలు దుంపల నిండా ఉన్నాయి.

వెయిటర్‌ను పిలిచి అడిగితే అతను చెప్పిన సమాధానం నన్ను ఇంకా బాధ పెడుతోంది. ‘మాంసం కాదు, కొంచెం ష్పెక్ మాత్రమే’ అన్నాడు. అబద్ధం చెబుతున్నాననే భావన అతని ముఖంలో లేదు. అతని లెక్కలో మాంసం అంటే పళ్లెంలో విడిగా కనిపించే ముక్క. రుచి కోసం వేసేది, ఉప్పూ మిరియాల్లాగా, లెక్కలోకి రాదు. సలాడ్ సంగతి అడిగితే అది మాంసం ఉడికించిన రసంతో కలిపినదని తేలింది. మ్యూనిక్ ఉన్న బవేరియా రాష్ట్రంలో బంగాళాదుంప సలాడ్ అలాగే చేస్తారని తర్వాత తెలిసింది. అమ్మ ఒక్క మాట కూడా అనలేదు. లేచి వెళ్లి నోరు కడుక్కుని వచ్చింది. మిగతా రోజంతా నీళ్లు తప్ప ఏమీ ముట్టలేదు. అరవై ఏడేళ్లు కాపాడుకున్న నియమం నా చేతి మీదుగా పోయింది కదా అని నాకు కడుపు తరుక్కుపోయింది.

కాబట్టి మొదటి హెచ్చరిక ఇది. మన శాకాహారానికి మామూలు జర్మన్ వాడుకలో సరిగ్గా సమానమైన పదం లేదు. వాళ్ల ‘వెజిటారిష్’లో గుడ్డు ఉంటుంది. మేము తిన్న కేజ్‌ష్పెట్స్‌లె పిండిలోనూ, బ్రెడ్డుతో చేసే ఉండలు సెమెల్‌క్నోడెల్‌లోనూ గుడ్డు ఉంటుంది. మెనూలో ప్రతి వంటకం పక్కన చిన్న అక్షరాలు, అంకెలు వేస్తారు. వాటిని చూసి ధైర్యపడకండి. ఐరోపా నిబంధన ప్రకారం 2014 డిసెంబరు నుంచి చూపిస్తున్న ఆ 14 పదార్థాలు అలర్జీ కలిగించేవి మాత్రమే. గోధుమ, గుడ్డు, పాలు, వేరుశనగ, నువ్వులు, ఆవాలు వంటివి అందులో ఉంటాయి. చేప కూడా ఉంటుంది. పంది మాంసం, గొడ్డు మాంసం, జంతువుల కొవ్వు ఉండవు. వాటి గురించి నోరు తెరిచి అడగవలసిందే.

అడిగేటప్పుడు ‘మాంసం ఉందా’ అని కాకుండా మూడు పదాలు పలకండి. ష్పెక్ అంటే పొగపట్టిన పంది కొవ్వు. ష్మాల్ట్స్ అంటే కరిగించిన కొవ్వు, ఎక్కువగా పందిదే. ఫ్లైష్‌బ్ర్యూయె అంటే మాంసం రసం. ‘ఓనె’ అంటే ‘లేకుండా’. ‘ఓనె ష్పెక్, ఓనె ష్మాల్ట్స్, ఓనె ఫ్లైష్‌బ్ర్యూయె’ అంటే వంటగదిలోకి వెళ్లి కనుక్కుని వస్తారు. గుడ్డు వద్దంటే ‘ఓనె ఐ’. ఎర్ర క్యాబేజీ కూరను, పులియబెట్టిన క్యాబేజీని చాలాచోట్ల కొవ్వుతోనే వండుతారు, అవి పైకి ఎంత అమాయకంగా కనిపించినా సరే. ఇంకా సులువైన దారి ‘వీగన్’ అని అడగడం. పాలు, నెయ్యి కూడా పోతాయి గానీ ఆ మాటకు అర్థం అందరికీ ఒకటే, అది పలికితే ఎవరూ ష్పెక్ వేయరు. వీగన్ అని ప్రత్యేకంగా రాసిన వంటకాలు ఇప్పుడు చాలా హోటళ్లలో దొరుకుతున్నాయి.

మాంసం తినేవాళ్లకూ ఒక మాట. మన ఇళ్లలో కోడి, మేక తింటూ గొడ్డు మాంసం, పంది మాంసం ముట్టని వాళ్లు ఎందరో ఉన్నారు. లేబర్‌కేజ్ అనే వంటకం పేరును ఫోనులో అనువదిస్తే ‘కాలేయపు జున్ను’ అని వస్తుంది. బవేరియాలో చేసే లేబర్‌కేజ్‌లో కాలేయమూ ఉండదు, జున్నూ ఉండదు. అది గొడ్డు మాంసం, పంది మాంసం మెత్తగా రుబ్బి కాల్చిన రొట్టెలాంటిది. ఫ్లైష్‌ఫ్లాంట్సెర్ల్ అనే పేరులో మొక్క అన్న అర్థం తోస్తుంది గానీ అదీ మాంసపు ఉండే. తెల్ల సాసేజి వైస్‌వుర్స్ట్‌లో దూడ మాంసం, పంది మాంసం ఉంటాయి. అనువాదం చేసే యాప్‌ను నమ్మి నాన్నగారి చేతికి లేబర్‌కేజ్ పెట్టే ప్రమాదం నాకు కొద్దిలో తప్పింది.

ఇక బిల్లు సంగతి. మేము అడగకుండానే బల్ల మీద బుట్టలో నాలుగు బ్రెట్సెన్లు, అంటే ముడివేసినట్లుండే ఉప్పు రొట్టెలు, పెట్టారు. మర్యాదగా పెట్టారనుకున్నాం. ఒక్కోదానికి 2 యూరోల 20 సెంట్లు వేశారు. ఇది మోసం కాదు, అక్కడి పద్ధతి. తిన్నవాటికి లెక్క కడతారు. వద్దంటే బుట్ట తీసేయమని మొదటే చెప్పండి. నీళ్లు అడిగితే సీసా తెచ్చారు, ఒక్కోటి 7 యూరోల 90 సెంట్లు, రెండు సీసాలు. హోటల్లో కుళాయి నీళ్లు ఉచితంగా ఇవ్వాలన్న నియమం జర్మనీలో లేదు. ఇంత వరకు నా ఫిర్యాదు ఏమీ లేదు.

ఫిర్యాదంతా చివరి వరుస మీద. మొత్తం 95 యూరోల 10 సెంట్లు అయ్యింది. దాని కింద పెన్నుతో ‘సర్వీసు 10 శాతం’ అని రాసి, మరో 9 యూరోల 51 సెంట్లు కలిపి 104 యూరోల 61 సెంట్లు అడిగాడు. అమ్మ ముఖం చూస్తూ ఇంకా అక్కడ కూర్చోవడం ఇష్టం లేక కట్టేసి వచ్చాను. తర్వాత వెతికి చూస్తే, జర్మనీలో ధరల ప్రకటనకు ఒక నిబంధన ఉంది, పేరు ప్రైస్‌ఆన్‌గాబెన్‌ఫెరోర్డ్‌నుంగ్. మెనూలో రాసిన ధరలోనే వడ్డన రుసుము, ఇతర అదనపు రుసుములు కలిసి ఉండాలి. ముఖ్యమైన వంటకాల ధరల పట్టికను గుమ్మం దగ్గర కూడా పెట్టాలి. కాబట్టి చివరన విడిగా కలిపిన సర్వీసు రుసుము మనం కట్టనక్కరలేదు. అది బక్షీసు కోసం చేసే ఒత్తిడి. బక్షీసు ఇవ్వడం అక్కడ ఆచారమే, సాధారణంగా 5 నుంచి 10 శాతం దాకా ఇస్తారు, డబ్బు చెల్లించేటప్పుడే మొత్తం ఎంత తీసుకోవాలో నోటితో చెబుతారు. ఇవ్వాలా, ఎంత ఇవ్వాలి అన్నది తిన్నవాళ్ల ఇష్టం. అమ్మకు అలా చేసిన చోట నేనైతే ఒక్క సెంటు కూడా ఇచ్చేవాణ్ణి కాదు.

చేతితో రాసిన చీటీని అంగీకరించకండి. ఎలక్ట్రానిక్ గల్లాపెట్టె వాడే దుకాణాలు, హోటళ్లు 2020 జనవరి నుంచి రసీదు ఇవ్వడం తప్పనిసరి. ‘బెలేగ్’ అని అడగండి. అచ్చయిన రసీదులో ఆ పెన్ను వరుస ఉండదు. అలాగే భారతదేశపు కార్డు వాడితే యంత్రం యూరోలా, రూపాయలా అని అడుగుతుంది. యూరోలే నొక్కండి. రూపాయలు నొక్కితే మారకపు రేటును ఆ యంత్రం వెనకున్నవాళ్లు నిర్ణయిస్తారు, మనకే నష్టం. నాన్నగారి కార్డుతో కడుతుండగా వెయిటర్ మమ్మల్ని అడగకుండా రూపాయలు నొక్కబోయాడు, నా భార్య గమనించి ఆపింది.

ఆ వారమే హోటల్ యాజమాన్యానికి బిల్లు ఫొటోతో సహా రాశాను. సమాధానం రాలేదు. ఇప్పుడు వినియోగదారుల సలహా కేంద్రానికి, అంటే ఫెర్‌బ్రౌఖెర్‌త్సెంట్రాలెకు, రాస్తున్నాను.

మరి ఎక్కడ తినాలి? మాకు దొరికిన దారి చెబుతాను. బవేరియా బీర్‌గార్టెన్లలో, అంటే చెట్ల కింద బల్లలు వేసి బీరు అమ్మే ఆరుబయటి తోటల్లో, మన తిండి మనం తెచ్చుకుని తినవచ్చు. 1812లో రాజు మొదటి మాక్సిమిలియన్ యోసెఫ్ బీరు తయారీదారులకు తమ నేలమాళిగల దగ్గర బీరు అమ్ముకోవడానికి అనుమతి ఇచ్చి, రొట్టె తప్ప మరే తిండీ అమ్మకూడదని షరతు పెట్టాడు. జనం ఇంటి నుంచి తెచ్చుకోవడం అలా సాగింది, 1999 నాటి బవేరియా నిబంధన కూడా దాన్ని బీర్‌గార్టెన్ లక్షణంగా గుర్తించింది. పానీయాలు మాత్రం అక్కడే కొనాలి. గుడ్డ పరచిన బల్లలు వడ్డన ఉన్నవి, వాటి దగ్గర కూర్చోకండి. గుడ్డ లేని బల్లలు మనవి. గ్లాసుకు ప్ఫాండ్ అని కొంత డబ్బు జమ తీసుకుంటారు, తిరిగి ఇచ్చేటప్పుడు అడిగి తీసుకోండి.

తర్వాతి ఆదివారం మ్యూనిక్‌లోనే హిర్ష్‌గార్టెన్ అనే బీర్‌గార్టెన్‌కు వెళ్లాం. దాదాపు ఎనిమిది వేల మంది కూర్చోగల చోటు, పక్కన కంచె లోపల జింకలు. అమ్మ పొద్దున్నే లేచి పులిహోర, దద్దోజనం కలిపింది. చెస్ట్‌నట్ చెట్ల నీడలో స్టీలు డబ్బాలు విప్పాం. అమ్మకు సోడా కలిపిన ఆపిల్ రసం తెచ్చి ఇచ్చాను. పక్క బల్లలోని జర్మన్ వృద్ధ దంపతులు పులిహోర వాసనకు ఇటు తిరిగితే, అమ్మ మూతలో పెట్టి ఇచ్చింది. ఇచ్చే ముందు, ఇందులో వేరుశనగ, ఆవాలు ఉన్నాయని వాళ్లకు చెప్పమని నాకు రెండుసార్లు గుర్తు చేసింది.