హైపోక్లోరైట్ తర్వాత ఏది: సోడియం ఆస్కార్బేటా, ద్రాక్ష గింజల సారమా?

రూట్ కెనాల్‌లో పంటి లోపలి కాలువను కడిగి క్రిములను చంపే సోడియం హైపోక్లోరైట్ లేకుండా పని జరగదు, కానీ అది డెంటిన్‌లో, అంటే ఎనామిల్ కింది పంటి పొరలో, ఆక్సిజన్ వదిలి వెళ్తుంది, దాంతో ఆ కాలువను మూసే రెజిన్ సీలర్ సరిగా గట్టిపడక పట్టు తగ్గుతుంది. దీనికి బాగా పరీక్షించిన విరుగుడు 10 శాతం సోడియం ఆస్కార్బేట్, అంటే విటమిన్ సి లవణం. పనిచేస్తుంది, కానీ నిలవ ఉండదు, ఎప్పటికప్పుడు కలుపుకోవాలి, పైగా చాలా పరీక్షల్లో 10 నిమిషాలు ఉంచారు, నోరు తెరుచుకుని కూర్చున్న పేషెంట్‌కి అది తక్కువ సమయం కాదు.

ద్రాక్ష గింజల సారంలోని ప్రోయాంథోసయనిడిన్లు ఆక్సీకరణను అడ్డుకోవడమే కాక డెంటిన్‌లోని కొల్లాజెన్ అనే ప్రోటీన్ పోగులను ఒకదానితో ఒకటి బిగిస్తాయి, అందుకే నా మొగ్గు ఇటే. గోధుమ రంగు అంటుతుంది, ముందు పళ్లకైతే ఆలోచించాల్సిందే!

ఇదంతా రెజిన్ సీలర్ల సంగతి, తేమతో గట్టిపడే బయోసెరామిక్ సీలర్లకి ఈ లెక్క వర్తించదు. ఫలితాలు కూడా ఎక్కువగా పీకిన పళ్ల మీద ల్యాబ్‌లో వచ్చినవే.