ఎడమ కాలి బొటనవేలు: నడుంనొప్పికి మూడేళ్ళు బాడీ స్కాన్ చేశాక నా అనుభవం

నడుంనొప్పి మొదలై ఆరేళ్ళు, బాడీ స్కాన్ చేయడం మొదలెట్టి మూడేళ్ళు. ఇది మిషన్‌లో తీసే స్కాన్ కాదు, పడుకుని మనసుని ఒంట్లో ఒక్కో భాగం దగ్గరకి తీసుకెళ్ళి అక్కడ ఏం తెలుస్తుందో గమనించడం, మైండ్‌ఫుల్‌నెస్ అనే ధ్యానంలో ఒక పద్ధతి. మొదటి ఏడాదే ఇది రాసుంటే మొత్తం పొగడ్తే ఉండేది, మంచిదయింది రాయలేదు. మైండ్‌ఫుల్‌నెస్ అంటే ఏంటి, ఏ యాప్‌లో దొరుకుద్ది, ఇవన్నీ నేను చెప్పను, అందరూ చెప్పేశారు. నేను చెప్పాలనుకున్నది ఎడమ కాలి బొటనవేలు గురించి.

బాడీ స్కాన్ అక్కడే మొదలవుద్ది. 1979లో అమెరికాలో మసాచుసెట్స్ యూనివర్సిటీ మెడికల్ స్కూల్లో జాన్ కబాట్ జిన్ అనే ఆయన కోర్సు ఒకటి పెట్టారు, వైద్యం చేయించుకున్నా నొప్పులు తగ్గని వాళ్ళని డాక్టర్లు ఆయన దగ్గరకి పంపేవారు. అందులో పడుకుని చేసే 45 నిమిషాల అభ్యాసం ఇది. నడుం పట్టేసిందని వచ్చిన మనిషిని నడుం జోలికి వెళ్ళనివ్వకుండా ముందు ఎడమ కాలి వేళ్ళ దగ్గరకి పంపిస్తారు. నాకు ఇది ఎంత నచ్చిందో చెప్పలేను. మూడేళ్ళుగా నా ఒళ్ళంటే నాకు నడుం ఒక్కటే, లేచినా నడుమే కూర్చున్నా నడుమే, అలాంటిది మొదటిసారి పాదం, పిక్క, మోకాలు ఇవన్నీ కూడా నావేనని, అవి ఏ నొప్పీ లేకుండా హాయిగా ఉన్నాయని తెలిసి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

మాది సోంపేట, టైలరింగ్ షాపు. రోజుకి తొమ్మిది పది గంటలు మిషన్ మీద వంగి ఉంటాను, పెళ్ళిళ్ళ సీజన్ అయితే లెక్కే ఉండదు. మొదట్లో డైక్లోఫెనాక్ అనే నొప్పి బిళ్ళ వేసుకుని కుట్టేదాన్ని, రోజుకొకటి, కొన్నాళ్ళు రెండు. కానీ మాది ఉద్దానం. ఇక్కడ కిడ్నీ జబ్బు లేని వీధి చూపించమంటే కష్టం, అసలు కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. మా బావగారు వారానికి రెండుసార్లు డయాలసిస్‌కి వెళ్తారు. ఆ బిళ్ళలు కిడ్నీకి వెళ్ళే రక్తాన్ని తగ్గిస్తాయని, మా ప్రాంతం వాళ్ళు ఇంకా జాగ్రత్తగా ఉండాలని డాక్టరుగారు గట్టిగా చెప్పాక ప్రతి బిళ్ళకీ చెయ్యి వణికేది. వేసుకుంటే ఆ భయం, వేసుకోకపోతే ఈ నొప్పి. నేను ఇటు వచ్చింది అందుకు, ఆధ్యాత్మికం మీద ఇష్టంతో కాదు.

బాడీ స్కాన్ ఇంగ్లీషు ఆడియో నాకు పట్టలేదు. వైజాగ్‌లో చదువుతున్న మా అమ్మాయి అది విని, తన మాటల్లో తెలుగులో 28 నిమిషాలు రికార్డు చేసి పంపింది, వెనకాల హాస్టల్ ఫ్యాన్ చప్పుడు కూడా వినపడుద్ది. "అమ్మా, ఇప్పుడు ఎడమ కాలి బొటనవేలు దగ్గరకి వెళ్ళు" అంటుంది. మా అత్తగారేమో గుమ్మంలోంచి చూసి "ఏటే, ఒంట్లో బాగోలేదేటి, పట్టపగలు అలగ ఎల్లకిలా పడిపోనావు" అని కంగారుపడేవారు.

మొదటి పది రోజులు నొప్పి పెరిగినట్టే అనిపించింది, కదలకుండా పడుకుంటే దాన్నుంచి తప్పించుకునే దారి లేదు కదా. ఆరు వారాల దాకా పెద్ద తేడా లేదు. ఆ తర్వాత మాఘమాసంలో ఒక రాత్రి పదకొండు లైనింగ్ జాకెట్లు పొద్దున్నకల్లా ఇవ్వాలి, ఏడోదానికి చేతులు కుడుతుండగా నడుం బిగుసుకుపోయింది. కుర్చీలోంచి లేవలేక కిందకి జారి నేల మీదే పడుకుని ఫోన్ పెట్టుకున్నాను. వేళ్ళు, పాదం, పిక్క దాటి నడుం దగ్గరకి వచ్చేసరికి అక్కడ ఒక్క ముద్దలా ఉండాల్సిన నొప్పి ముక్కలు ముక్కలుగా కనపడింది. మధ్యలో అరచేయంత చోట మంట, దాని చుట్టూ బిగుతు, ఇంకా పైన పళ్ళు బిగించి పట్టుకున్న దవడ, దానికీ నడుంకీ సంబంధమే లేదు. వీటన్నిటి మీదా "రేపు మాట పోతుంది, ఇంక నా పని అయిపోయింది" అనే గోల. దవడ వదిలాను. గోలని గోలగా విన్నాను. మంట అలాగే ఉంది, అబద్ధం చెప్పను. మిగతాది మాత్రం చాలావరకు దిగిపోయింది. ముప్పావుగంట తర్వాత లేచి, మధ్యమధ్యలో నిలబడుతూ మిగిలినవి పూర్తి చేశాను.

మన భాషలో నొప్పి అనీ బాధ అనీ రెండు మాటలు ఉన్నాయి, ఆ రెండూ వేరని నాకు ఆ రాత్రే తెలిసింది. బుద్ధుడు చెప్పిన రెండు బాణాల పోలిక ఇదేనంట, ఒంటికి తగిలేది మొదటిది, దాని గురించి మనం కుమిలిపోయేది రెండోది. చిన్నప్పుడు స్కూలు వాళ్ళు పాత బౌద్ధ స్తూపాలున్న శాలిహుండం తీసుకెళ్తే వంశధార చూసి, స్తూపాల మీద ఎక్కి ఆడుకుని వచ్చేశాం, ఒకప్పుడు అక్కడ ఉన్న భిక్షువులకి ఇది తెలిసి ఉంటుందని ఇప్పుడు అనిపిస్తుంది. 2011లో అమెరికాలో ఆరోగ్యంగా ఉన్న 15 మందికి రోజుకి 20 నిమిషాలు చొప్పున నాలుగు రోజులు ధ్యానం నేర్పించి, పిక్క మీద 49 డిగ్రీల వేడి పెట్టి చూస్తే నొప్పి తీవ్రత 40 శాతం తగ్గిందన్నారు, దానివల్ల కలిగే బాధ 57 శాతం తగ్గిందన్నారు. బాధే ఎక్కువ తగ్గింది, నాకూ అంతే. వాళ్ళది కాసేపు పెట్టి తీసేసే వేడి, నాది ఏళ్ళ తరబడి ఉన్నది, ఆ తేడా కూడా చూసుకోవాలి.

ఇక్కడిదాకా అంతా బాగుంది కదా. రెండో ఏడాది దసరా ముందు జరిగింది వినండి.

ఒకరోజు మామూలుగా పడుకుని ఎడమ కాలి బొటనవేలు దగ్గరకి వెళ్తే అక్కడ ఏమీ తెలియలేదు. వేలు లేనట్టే. రికార్డింగ్‌లో మా అమ్మాయి "ఏమీ తెలియకపోయినా పర్వాలేదమ్మా, తెలియకపోవడాన్నే గమనించు" అంటుంది, అసలు ఇంగ్లీషు దాంట్లోనూ అదే ఉంది. సరే అని గమనించాను. మర్నాడూ గమనించాను. అలా మూడు వారాలు ఎంతో శ్రద్ధగా మొద్దుబారిన వేలుని గమనిస్తూ కూర్చున్నాను. నడుంనొప్పి కొంచెం తగ్గినట్టు కూడా ఉండటంతో అభ్యాసం ముదురుతోంది అనుకున్నాను. మిషన్ మోటారు పెడల్ కుడికాలితో తొక్కుతా కాబట్టి పనిలో తేడా తెలియలేదు. ఒకరోజు బస్టాండు దగ్గర ఎడమ చెప్పు జారిపోయింది, నాలుగు అడుగులు వేశాక ఎవరో వెనక నుంచి "అమ్మా చెప్పు" అని పిలిస్తే గానీ నాకు తెలియలేదు. ఇంటికొచ్చి వేలు పైకి ఎత్తబోతే లేవట్లేదు.

ఆమదాలవలసలో రైలు దిగి శ్రీకాకుళం వెళ్ళాం. డాక్టరుగారు మడమల మీద నడవమన్నారు, ఎడమవైపు నిలవలేకపోయాను. ఎంఆర్ఐలో నడుం దగ్గర ఎల్4, ఎల్5 అనే వెన్నుపూసల మధ్య డిస్క్ జారి నరాన్ని నొక్కుతోందని తేలింది, బొటనవేలు ఎత్తే బలం ఆ నరానిదే. "ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నారమ్మా" అని అడిగారు. ధ్యానం చేస్తున్నానని చెప్పడానికి నోరు రాలేదు. ఆపరేషన్ అక్కర్లేదన్నారు, ఫిజియోథెరపీతో నాలుగు నెలలకి బలం వచ్చింది, వేలు పైభాగం మాత్రం ఇప్పటికీ కొంచెం మొద్దుగానే ఉంది. కాలు బలం తగ్గినా, కూర్చునే చోట తిమ్మిరెక్కినా, ఒంటికి రెంటికి పట్టు తప్పినా ఒక్కరోజు కూడా ఆగొద్దు, రాత్రయినా వచ్చేయాలి అని చెప్పి పంపారు.

కోపం చాలా వచ్చింది. ఆ వేలు నాకు మూడు వారాల ముందే చెప్పింది, మామూలు రోజుల్లో అయితే పట్టించుకునేదాన్నే కాదు, బాడీ స్కాన్ వల్లే తెలిసింది. తెలిసిన దాన్ని పర్వాలేదు అని పక్కన పెట్టించింది కూడా అదే. అందుకే పైన నేను అంత పొగిడిన దాంట్లో ఇది కలుపుకుని చదవండి. ఓర్చుకోవడం వచ్చిన కొద్దీ ఏది ఓర్చుకోకూడదో కనిపెట్టడం నాకు కష్టమైంది.

తర్వాత మా అమ్మాయి ఏడ్చి మళ్ళీ కొత్తగా రికార్డు చేసింది. ఇప్పుడు చివర్లో "లేచాక రెండు బొటనవేళ్ళూ పైకి ఎత్తి చూడు, మడమల మీద నాలుగడుగులు వెయ్యి, కొత్తది ఏదైనా ఉంటే నాకు ఫోన్ చెయ్యి" అని ఉంటుంది. నిజం చెప్పాలంటే నాకు ఆ ముక్కే ఎక్కువ విలువైనదిగా అనిపిస్తుంది.

మరి చేయమంటారా అని అడిగితే, నా సంగతి వరకే చెప్పగలను. సొంత షాపు కాబట్టి మధ్యాహ్నం అరగంట తలుపు వేసుకోగలను, జీడి బట్టీల్లో కూలికి వెళ్ళేవాళ్ళకి ఆ అరగంట ఎవరిస్తారు. చెప్పే గొంతు నా కూతురిది, పరాయి గొంతు అయితే ఇన్నాళ్ళు చేసేదాన్నో లేదో. 2016లో అమెరికాలో 342 మంది నడుంనొప్పి వాళ్ళ మీద చేసిన పరీక్షలో జాన్ కబాట్ జిన్ పెట్టిన ఆ కోర్సు చేసినవాళ్ళలో 61 శాతం మందికి 26 వారాలకి రోజువారీ పనులు చెప్పుకోదగ్గంత తేలికయ్యాయి, మామూలు వైద్యంలో ఉన్నవాళ్ళకి అది 44 శాతం. మిగిలిన 39 శాతం మందిలో మీరుంటే మీ తప్పేం కాదు. ముందు డాక్టరుకి చూపించుకుని, నొప్పి ఎందుకో తెలుసుకుని అప్పుడు మొదలెట్టండి, నేను అది తిరగేసి చేశాను.

బిళ్ళలు ఇప్పుడు నెలకి రెండో మూడో, అదీ డాక్టరుని అడిగి. కిడ్నీలు ఎలా ఉన్నాయో చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష ఆర్నెల్లకోసారి చేయిస్తున్నా, ఇప్పటికి బాగానే ఉంది. నడుంనొప్పి పోలేదు, వంగి కుట్టే పని మానితే పోతుందేమో, అది కుదరదు. పెళ్ళిళ్ళ నెలల్లో 28 నిమిషాలు దొరకవు, అప్పుడు పాదాలు, నడుం, దవడ ఈ మూడే చూసుకుని పది నిమిషాల్లో లేచిపోతాను, వేళ్ళు ఎత్తి చూసుకోవడం మాత్రం మానను.