పిల్లలు చదువుకోవడానికి ఏది మేలు: డైనింగ్ టేబులా, స్టడీ టేబులా, నేల మీద చిన్న బల్లా?

మాది రెండు బెడ్‌రూముల ఫ్లాట్. బాబు తొమ్మిదో తరగతి, పాప నాలుగో తరగతి. జూన్‌లో బళ్ళు తెరిచే ముందు వీళ్ళను ఎక్కడ కూర్చోబెట్టాలన్నది ఇంట్లో పెద్ద చర్చే అయింది. చివరికి మూడు చోట్లూ వాడి చూశాం.

పాపకు ముందు డైనింగ్ టేబులే అనుకున్నాం. వంటింట్లో తాలింపు వేస్తూనే "ఏడెనిమిదులెంత?" అని నేను అడగొచ్చు, లెక్క రాకపోతే తను అక్కణ్ణుంచే పిలవొచ్చు. ఆ వయసు పిల్లలు పక్కన మనిషి మసలుతుంటేనే కుదురుగా కూర్చుంటారు. వాళ్ళను విడిగా గదిలో కూర్చోబెడితే పెన్సిల్ చెక్కడంతోనే అరగంట గడిచిపోతుంది.

చిక్కల్లా ఎత్తుతోనే. డైనింగ్ టేబుల్ పెద్దవాళ్ళ కోసం చేసింది, సుమారు 30 అంగుళాలు ఉంటుంది. మా పాప కూర్చుంటే దాని అంచు చంకల దాకా వచ్చేది. రాయాలంటే భుజాలు పైకెత్తాలి. కాళ్ళు గాల్లో వేలాడుతుంటే పది నిమిషాలకే ఒక కాలు మడిచి కిందేసుకుని, ఓ పక్కకు ఒరిగిపోయి రాసేది. ఆ రోజుల నోట్‌బుక్ తీసి చూస్తే వరసలు కూడా అలాగే కిందికి జారుతూ కనిపిస్తాయి. కుర్చీలో గట్టి దిండు వేసి, కాళ్ళ కింద మా పాత చెక్క పీట పెట్టాను. మోచేతులు బల్ల ఎత్తుకు వచ్చాయి, పాదాలు ఆనాయి. వారంలోనే ఒరగడం తగ్గింది.

ఇక రాత్రి ఎనిమిదింటి గొడవ. "పుస్తకాలు తియ్యమ్మా, కంచాలు పెట్టాలి" అనగానే సగం చేసిన భాగహారం మూతపడుతుంది. తిని వచ్చేసరికి రబ్బరు ఒక చోట, స్కేలు ఇంకో చోట ఉంటాయి. వెతుక్కుని మళ్ళీ మొదలుపెట్టేసరికి నిద్ర ముంచుకొస్తుంది. అందుకని సామానంతా ఒక ప్లాస్టిక్ ట్రేలో పెట్టించాను. ట్రే ఎత్తి పక్కన పెడితే సరి, నోట్‌బుక్ తెరిచిన పేజీతోనే ఉంటుంది.

బాబు సంగతి వేరు. వచ్చే ఏడు పదో తరగతి, గంటల తరబడి కూర్చోవాలి. హాల్లో ఎవరు తలుపు తట్టినా వాడి ధ్యాస అటే పోతుంది. వాడికి బెడ్‌రూమ్‌లో స్టడీ టేబుల్ తప్పనిసరి. తూర్పు ముఖంగా ఉండాలని మామయ్యగారు అన్నారు, అలాగే పెట్టాం. తీరా చూస్తే ట్యూబ్‌లైట్ వెనక్కి వచ్చింది, వాడి నీడ వాడి పుస్తకం మీదే పడింది. దిక్కు మార్చకుండా ఎడమ పక్కన ఒక టేబుల్ ల్యాంప్ బిగించాం. కుడిచేత్తో రాసేవాళ్ళకు వెలుతురు ఎడమ నుంచి రావాలి. ఎడమచేతి వాటమైతే కుడి నుంచి. ల్యాంప్ వేశాం కదా అని గదిలో లైటు ఆర్పేయకూడదు, పుస్తకం ఒక్కటే వెలిగి చుట్టూ చీకటిగా ఉంటే కళ్ళు త్వరగా అలిసిపోతాయి.

బెడ్‌రూమ్‌తో నాకున్న భయం ఫోను. అందుకే చదివేంతసేపూ తలుపు తీసే ఉండాలి, ఫోను హాల్లో ఛార్జింగ్‌లో ఉండాలి అన్నాను. మొదట్లో వాడికి కోపం వచ్చింది, ఇప్పుడు అలవాటైంది.

నేల మీద చాప వేసుకుని, మడత కాళ్ళ చిన్న బల్ల పెట్టుకోవడం అన్నిటికంటే చవక. ఒకే గది ఉన్న ఇంట్లో నేనైతే ఇదే పెడతాను. మా తరంలో చాలామంది అలాగే చదివాం. కానీ బల్ల మరీ పొట్టిదైతే వీపు వంగిపోతుంది, ముఖం పుస్తకంలోకి దిగిపోతుంది. కంటికీ పుస్తకానికీ కనీసం అడుగు దూరం ఉండాలి. బల్ల వెనక కాళ్ళ కింద రెండు లావు పుస్తకాలు పెట్టి కాస్త వాలుగా చేస్తే తల అంతగా వంచక్కర్లేదు. వీపు వెనక గోడ ఉంటే మరీ మంచిది. సాయంత్రం వెలుతురు ఉండగా బయట ఆటను మాత్రం చదువు పేరుతో ఆపకండి. ఆరుబయట గడిపే పిల్లల్లో దూరపు చూపు మందగించడం తక్కువని కంటి డాక్టర్లు చెబుతున్నారు.

మొత్తానికి ఏడో తరగతి దాకా పెద్దవాళ్ళకు దగ్గరగా హాల్లో, ఆ పైన బెడ్‌రూమ్‌లో అన్నది నా లెక్క. చేతిలో డబ్బు తక్కువగా ఉంటే ముందు కొనాల్సింది ల్యాంప్, టేబుల్ తర్వాత చూసుకోవచ్చు.

హాల్లో టీవీ నడుస్తుంటే మాత్రం ఇవేవీ పనిచేయవు. ఏడు నుంచి ఎనిమిది దాకా మా ఇంట్లో టీవీ బంద్. అత్తయ్యగారు తన సీరియల్ మర్నాడు మధ్యాహ్నం చూసుకుంటానన్నారు. ఆ గంటా ఆవిడ టేబుల్ చివర కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తుంటారు, పాప తెలుగు పాఠం ఆవిడకే పైకి చదివి వినిపిస్తుంది.